మీరు లేడంటే లేడు, ఫాదర్

సిరిసిల్ల,
ఆగస్టు 4

పూజ్యులైన ఫాదర్ ప్రకాశ్ గారికి,

క్రీస్తు పేరిట వందనాలు. నా పేరు పోచవ్వ. జ్ఞానస్నానంలో మోనికమ్మ అని పెట్టారు గానీ ఆ పేరు రిజిస్టరులోనే ఉండిపోయింది. మీ గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం రెండో ఏడు చదువుతున్న అరుణ్‌కు నేను నాయనమ్మను. తల్లి వాణ్ణి కనగానే పోయింది, తండ్రి వాడి ఎనిమిదో ఏట పోయాడు. వాడికి ఉన్నదల్లా నేనే.

నాకు చదువు రాదు. నేను చెప్తుంటే పక్కింటి హలీమాబీ రాస్తోంది. అంగన్‌వాడీలో ముప్ఫై ఏళ్ళు పిల్లలచేత అక్షరాలు దిద్దించిన మనిషి. ఫాదర్‌కు రాసే ఉత్తరం పుస్తకాల భాషలో ఉండాలని ఆమె పట్టు. ఉండనీ. భాష ఆమెది, మాట నాది.

మీ దగ్గర పిల్లల చేతికి ఫోన్లు ఇవ్వరు. మొన్న కోరుట్ల గుడి నుంచి అక్కడి ఫాదర్ ఫోన్లో అరుణ్ మాట్లాడాడు. ‘నోటి పరీక్షల ఫేలైన, నాయనమ్మా. రెండు నెలలు కోరుట్లల ఉండుమన్నరు’ అన్నాడు. పాఠం రాలేదా అంటే వచ్చిందన్నాడు. తప్పు చెప్పావా అంటే ఒక్కటీ తప్పలేదన్నాడు. మరెందుకు ఫేల్ చేశారంటే ‘ఫాదర్‌కే ఎరుక’ అన్నాడు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను.

వాడికి పాఠం రాదంటే నేను నమ్మను. జ్ఞానోపదేశం మొత్తం నేను చెవితో విని నేర్చుకున్నాను, నోటితో వాడికి నేర్పాను. మరమగ్గాలకు నూలు కండెలు చుట్టుకుంటూ నేను ప్రశ్న అడిగితే, వాడు గడపలో కూర్చుని జవాబు చెప్పేవాడు. ఆరేళ్ళకే పుస్తకమంతా వచ్చేసింది. ఉపదేశి చేత శెభాష్ అనిపించుకున్నాడు.

ఇంకొకటి. రేపు ఫాదరై పూజ చెప్పడానికి, చావులో పెళ్ళిలో ప్రార్థన చేయడానికి ఈ తత్త్వశాస్త్రం దేనికి? మూడేళ్ళు దానికే పోతాయట. యేసుప్రభువు పుట్టకముందే పోయిన గ్రీకు దేశం వాళ్ళు ఏమనుకుంటే మా పిల్లవాడికేమిటి?

పది రోజుల్లో జవాబు రాయండి. లేకపోతే మీ జగిత్యాలకు వచ్చే బస్సు మా వీధి చివరే ఆగుతుంది.

ఇట్లు,
పోచవ్వ (వేలిముద్ర)

బస్సు మాట బెదిరింపు కాదని కింద రాయమన్నది. బెదిరింపే. — హలీమాబీ

*

జగిత్యాల,
ఆగస్టు 12

గౌరవనీయులైన పోచవ్వ గారికి,

మీ ఉత్తరం అందింది. బస్సు ఎక్కవలసిన పని లేకుండా వెంటనే రాస్తున్నాను.

మా నోటి పరీక్షకు ఒక పద్ధతి ఉంది. విద్యార్థి ఒక మాట నిలబెట్టాలి. పరీక్షించే గురువు కావాలని ఎదుటి పక్షం తీసుకుని దాన్ని పడగొట్టాలని చూస్తాడు. అరుణ్‌కు వచ్చిన మాట ‘దేవుడున్నాడని మనిషి తన బుద్ధితో తెలుసుకోగలడు’ అన్నది. పరీక్షించింది నేనే. దానికి పెద్దలు చెప్పిన ఐదు దారులూ వాడు ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు. అప్పుడు నేను పద్ధతి ప్రకారం అన్నాను: ‘నేను ఒప్పుకోను. లోకంలో ఇంత దుఃఖం ఉంది. కాబట్టి దేవుడు లేడు.’

మీ మనుమడు చేతులు కట్టుకుని, తల వంచి, ‘సరే, ఫాదర్’ అన్నాడు.

‘సరే ఏమిటి? దేవుడు లేడా?’ అన్నాను.

‘మీరు లేడంటే లేడు, ఫాదర్’ అన్నాడు.

పక్కన కూర్చున్న ఇద్దరు గురువులు నవ్వు ఆపుకోలేకపోయారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. గురువు కాబోయే పిల్లవాడు, ఎదురుగా ఉన్నది ఫాదర్ అన్న ఒక్క కారణంతో దేవుణ్ణే వదిలేశాడు.

తత్త్వశాస్త్రం దేనికని అడిగారు. గ్రీకులు ఏమన్నారో బట్టీ పట్టడానికి కాదు. ఎదుటివాడి మాట పూర్తిగా విని, అందులో నిజమెంతో చూసి, మన మాట మీద మనం నిలబడటం నేర్చుకోవడానికి. అది వచ్చాకే దైవశాస్త్రం చదవడానికి పంపుతాం. రేపు అరుణ్ ఏ వీర్నపల్లిలోనో ఒంటరిగా ఉంటాడు. గుండె మండిన మనిషి ఒకడు వచ్చి నిలదీస్తాడు. ఆ ప్రశ్నకు జవాబు జ్ఞానోపదేశంలో అచ్చు వేసి ఉండదు.

అక్టోబరు 18న మళ్ళీ పరీక్ష పెడుతున్నాను. అప్పుడూ ఇలాగే అయితే, వాణ్ణి ఇంటికి పంపడమే మేలని పీఠాధిపతి బిషప్ గారికి రాయక తప్పదు. దాచి చెప్పడం నాకు ఇష్టం లేదు.

ప్రభువునందు,
ఫాదర్ ప్రకాశ్

*

సిరిసిల్ల,
ఆగస్టు 21

ఫాదర్ ప్రకాశ్ గారికి,

మీ ఉత్తరం హలీమాబీ చదువుతుంటే ‘మీరు లేడంటే లేడు’ దగ్గర ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను నవ్వలేదు. కింద రాసేది నేనన్నది అన్నట్టే రాయమన్నాను, సాఫు చేయొద్దన్నాను:

‘ఏం ఫాదర్, నోరు మూసుకొమ్మని నేర్పింది ఎవలు? మీరే గదా! కూసొమ్మంటే కూసున్నం, లెవ్వుమంటే లేసినం, మోకాళ్ళ మీదుండుమంటే ఉన్నం. ప్రశ్న మీదే, జవాబు మీదే. నడుమ మేం చిలుకల లెక్క పలికినం. అరవై ఏండ్లు గట్ల పెంచి, ఇయ్యాల పిలగాడు నోరు తెరుస్తలేడని ఫేల్ చేస్తరా? ఫేలైంది మా పోరడా, మీరా?’

ఇక్కడితో నా కోపం మాట అయింది. ఇప్పుడు సాక్ష్యం చెప్తాను.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఉపదేశి ‘దేవుడెక్కడున్నాడు?’ అని అడిగి ‘అంతటా ఉన్నాడు’ అని మాచేత పలికించాడు. నేను లేచి ‘అంతట ఉంటే మరి గుడికెందుకు రావాలె?’ అన్నాను. పూజ అయ్యేదాకా బయట కంకర మీద మోకాళ్ళ మీద ఉంచాడు. లోపలికి పిలిచాక ‘బయట గూడ దేవుడు ఉండె గదా సార్, నాకేం బాధ కాలే’ అన్నాను. ఇంకో వారం మోకాళ్ళ మీద ఉన్నాను. ఆ తర్వాత నేనూ మంచి క్రైస్తవురాలినయ్యాను.

అందుకే చెప్తున్నాను. నాలుగు పుస్తకాలు ఇచ్చి ‘ఇక అడుగు’ అంటే అడగడం రాదు. పదేళ్ళు కట్టేసిన దూడ తాడు విప్పినా అక్కడే నిలబడుతుంది. మీరు వాడి మార్కులు చూశారు. దగ్గరికి పిలిచి, ‘నీకు నోరు ఎందుకు రాదురా?’ అని ఒక్కసారైనా అడిగారా? అడిగి ఉంటే రాయండి, నేను క్షమాపణ చెప్తాను.

వాడు పుట్టు మూగ కాదు. అంతే చెప్తున్నాను.

పోచవ్వ (వేలిముద్ర)

*

కోరుట్ల,
సెప్టెంబరు 2

నాయనమ్మకు,

నేను బాగున్నాను. నువ్వు మా ఫాదర్‌కు ఉత్తరాలు రాయిస్తున్నావని తెలిసింది. వద్దు, నాయనమ్మా. పెద్దవాళ్ళు అన్నీ ఆలోచించే చేస్తారు. వాళ్ళు ఇంటికి పొమ్మంటే అది కూడా నా మంచికే అనుకుంటాను.

ఇక్కడ పొద్దున పూజకు సాయం చేస్తాను. మధ్యాహ్నం పిల్లలకు ఉపదేశం చెప్తాను. సాయంత్రం ఫాదర్‌తో ఇళ్ళు తిరుగుతాను. గుడి మైకు బాగుచేసే అనీస్ భాయ్ అని ఒకాయన ఉన్నాడు. మొన్న వైర్లు చుడుతూ నన్ను అడిగాడు: ‘తమ్మీ, మీ దేవుడు సిలువ మీద సచ్చిండంటరు. మరి ఆ మూడొద్దులు దునియా ఎవలు నడిపిండ్రు?’

దానికి పుస్తకంలో జవాబు ఉంది. నాకు వచ్చు. అది నాలుక చివర దాకా వచ్చింది కూడా. అయినా నేను ‘మీరన్నది నిజమే, అనీస్ భాయ్’ అన్నాను.

ఆయన వైరు కింద పడేశాడు. ‘అరే, నేను మజాక్‌కు అన్న! నువ్వు జర కొట్లాడుతవు, ఒక చాయ్ సేపు ముచ్చట నడుస్తదనుకున్న. గింత తొందరగ ఒప్పుకుంటే ఎట్లనయ్యా?’ అన్నాడు. ఆయన ముఖం నిజంగానే చిన్నబోయింది.

ఆ రోజునుంచి ఆలోచిస్తున్నాను. ఎవరైనా గట్టిగా మాట్లాడితే నా నోటికి ‘సరే’ దానంతట అదే వచ్చేస్తుంది. ఎప్పటినుంచో తెలియదు. నువ్వేమీ మనసులో పెట్టుకోకు. మందులు వేసుకో.

నీ మనుమడు,
అరుణ్

*

సిరిసిల్ల,
సెప్టెంబరు 14

ఫాదర్ ప్రకాశ్ గారికి,

ఇది పాపసంకీర్తనం కాదు. అది మా గుడి ఫాదర్ అయిన విచారణ గురువు దగ్గర ఎప్పుడో చేశాను. ఆయన మూడు మంగళవార్త జపాలు చెప్పుకోమని పంపేశాడు. నా కేసుకు మీరు న్యాయమూర్తి కాబట్టి, మొన్న దాచిన సంగతి ఇప్పుడు చెప్తున్నాను.

నా కొడుకు యాదగిరి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసేవాడు. ఒకనాడు పొద్దున సాంచె దగ్గర కరెంటు కొట్టి చనిపోయాడు. శవాన్ని గుడిలో పెట్టాం. గుడి నిండా జనం. అప్పటి ఫాదర్ ప్రసంగంలో ‘ఇది దేవుని చిత్తం, మనం తల వంచాలి’ అన్నారు. అందరం తల వంచాం. ముందు వరుసలో అరుణ్ లేచి నిలబడ్డాడు. ఎనిమిదేళ్ళు వాడికి. గుడంతా వినబడేట్టు అడిగాడు:

‘అయితే మా బాపును దేవుడే సంపిండా, ఫాదర్?’

నేను వాడి చెంప మీద కొట్టాను. నా చెయ్యి సాంచాల నూలు చుట్టిన చెయ్యి. వేళ్ళు నాలుగూ తేలాయి.

ఎందుకు కొట్టానో ఇన్నాళ్ళూ ‘ఫాదర్‌కు ఎదురు మాట్లాడినందుకు’ అని చెప్పుకున్నాను. అది కాదు. నా కడుపులో ఉన్న ప్రశ్న వాడి నోట్లోంచి వచ్చింది. దానికి జవాబు నాకు తెలియదు. తెలియక కొట్టాను.

ఆ రోజునుంచి వాడు మంచి పిల్లవాడయ్యాడు. వీధంతా మెచ్చుకుంది. అదే ఏడు నేను వాణ్ణి ఫాదర్‌ను చేస్తానని దేవునికి మొక్కాను. పదో తరగతి కాగానే తెచ్చి మీకు అప్పగించాను. మీరూ మెచ్చుకున్నారు.

తత్త్వశాస్త్రం దేనికని మొదటి ఉత్తరంలో అడిగాను. ఆ ఒక్క మాట వెనక్కి తీసుకుంటున్నాను. మిగిలినవేవీ తీసుకోవడం లేదు. మా వాణ్ణి మాట్లాడించే చదువు ఏదైనా ఉంటే, అది గ్రీకువాళ్ళదైనా సరే, చెప్పండి.

నేను అడిగేది ఒక్కటే. అక్టోబరు పరీక్షలో లోకంలోని దుఃఖమని పెద్ద మాటలు మాట్లాడొద్దు. సాంచె దగ్గర కరెంటు కొట్టి చనిపోయిన మనిషి గురించి అడగండి. మెత్తగా అడగొద్దు. జాలిపడి మార్కులు వేస్తే నేను ఒప్పుకోను.

పోచవ్వ (వేలిముద్ర)

ఈ ఉత్తరానికి నేను ఒక్క మాటా కలపలేదు, తీయలేదు. — హలీమాబీ

*

జగిత్యాల,
అక్టోబరు 20

పోచవ్వ గారికి,

మీ సెప్టెంబరు ఉత్తరానికి వెంటనే జవాబు రాయలేకపోయాను. రాయబోయి నాలుగుసార్లు చించాను. ‘నీకు నోరు ఎందుకు రాదురా’ అని నేను ఎప్పుడూ అడగలేదు. క్షమాపణ చెప్పవలసింది నేనే. చెప్తున్నాను.

పరీక్ష మొన్న జరిగింది. మీరు కోరినట్టే అడిగాను. ‘ఒక మనిషి సాంచె దగ్గర కరెంటు కొట్టి చనిపోయాడు. దేవుడుంటే ఆపేవాడు. ఆపలేదు. కాబట్టి లేడు.’

అరుణ్ ముఖం ఎర్రబడింది. చేతులు కట్టుకోబోయి, ఆగి, బల్ల అంచు పట్టుకున్నాడు. ‘ఒప్పుకోను, ఫాదర్’ అన్నాడు.

‘కారణం?’

అప్పుడు వాడు పుస్తకం వదిలేశాడు. పుస్తకాల భాష కూడా వదిలేశాడు. ‘కరెంటు తీగ మీద ఎవలకన్న కోపమొస్తదా, ఫాదర్? నాకు పన్నెండేండ్ల సంది కోపం ఉన్నది. ఎవ్వలు లేకపోతే గిది ఎవల మీది కోపం? అన్యాయమని నేను ఎవలతోని అంటున్న?’

‘కోపం నీలో ఉంది. దాంతో ఎదుట ఎవరో ఉన్నారని రుజువు కాదు. లేని దయ్యానికి కూడా పిల్లలు భయపడతారు’ అన్నాను.

‘పిల్లలు భయపడేది చీకటికి, ఫాదర్. దయ్యమని పేరే తప్పు పెట్టుకుంటరు. చీకటైతే ఉన్నది గదా!’

నేను మరో వైపునుంచి పొడిచాను. వాడు మరో వైపునుంచి లేచాడు. వాదంలో ఒకచోట పడిపోయాడు. పడ్డానని ఒప్పుకుని, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. ‘దేవుని చిత్తం అన్నది జవాబు గాదు, ఫాదర్. అది నోరు మూసే బట్ట’ అన్నప్పుడు పక్కనున్న గురువు కలం కింద పెట్టాడు. భోజనం గంట కొట్టినా మేం నలుగురం లేవలేదు. వాడి వాదంలో ఇంకా లొసుగులు ఉన్నాయి. అవి వచ్చే ఏడు చూసుకుంటాం. పాసయ్యాడు. జాలి మార్కు ఒక్కటీ లేదు.

ఇక రెండో సంగతి. సాయంత్రం వాడు నా గదికి వచ్చి అన్నాడు: ‘గురువు అవుతావా అని నన్ను ఎవరూ అడగలేదు, ఫాదర్. నాయనమ్మ మొక్కింది, నేను వచ్చాను.’ నేను కాదనలేకపోయాను. క్రిస్మస్‌కు ముందు ఆలోచించి చెప్పమన్నాను. ఉండనూవచ్చు, వెళ్ళిపోనూవచ్చు. వాడికి నోరు కావాలని పోరాడింది మీరు. అందుకని ముందుగా మీకు తెలియాలనుకున్నాను.

ప్రభువునందు,
ఫాదర్ ప్రకాశ్

*

సిరిసిల్ల,
అక్టోబరు 29

అరుణ్ కొడుకా,

గీ ఉత్తరం నీకు. గందుకే హలీమాబీకి చెప్పిన, పుస్తకాల భాష పక్కన పెట్టు, నేనెట్లంటే గట్ల రాయమని.

పాసైనవట. సంతోషం. రెండో ముచ్చట గూడ మీ ఫాదర్ రాసిండు. అది వినంగనే నా తల తిరిగింది. ‘ఎవ్వలు అడగలేదా? నేను కండెలు చుట్టి సాకింది గిందుకా?’ అని గంట సేపు లొల్లి పెట్టిన. హలీమాబీ కలం మూసి, ‘అక్కా, నువ్వు అడిగినవా, లేదా? గది చెప్పు’ అన్నది. ‘నీకేం తెలుసు, నీ పని నువ్వు చూసుకో’ అన్న. గామె నోరు మూసుకోలే. ‘అడిగినవా?’ అన్నది మళ్ళ.

అడగలే.

మొక్కు నాది. నాకున్నది ఏదన్న ఇయ్యొచ్చు. నువ్వు నాకున్న వస్తువు గాదు. గీ సంగతి మొక్కేటప్పుడు నాకు తోచలే, ఎవ్వలు చెప్పలే. దేవునితోని నా లెక్క నేను చూసుకుంట. నడుమల నువ్వు వద్దు.

గిప్పుడు అడుగుతున్న. ఫాదర్ అయితవా, కావా? వస్తనంటే నీ మంచం నీకున్నది. సాంచాల పనికి మాత్రం పోనియ్య, గది ముందే చెప్తున్న. ఉంటనంటే ఉండు. ముసల్దాని మనసు నొస్తదని మాత్రం ఉండకు. నా మనసు నువ్వనుకున్నంత మెత్తగ లేదు.

నీ నాయనమ్మ (వేలిముద్ర)

*

జగిత్యాల,
నవంబరు 9

నాయనమ్మకు,

నీ ఉత్తరం వచ్చి ఎనిమిది రోజులైంది. జవాబు తొందరగా రాయకూడదని ఆగాను.

ముందు ఒక మాట. ఫాదర్ నీ సెప్టెంబరు ఉత్తరం నాకు చూపించారు. అందులో నువ్వు చెప్పినదానితో నేను ఒప్పుకోను. నా నోరు మూయించింది నీ దెబ్బ కాదు. దెబ్బ నాకు గుర్తు కూడా లేదు. పిల్లలు దెబ్బలు తింటారు, మరిచిపోతారు. నాకు గుర్తున్నది ఆ తర్వాత జరిగింది. పూజ అయ్యాక నువ్వు నన్ను రెక్క పట్టుకుని ఫాదర్ దగ్గరికి తీసుకుపోయావు. ఆయన చెయ్యి కళ్ళకద్దుకుని, ‘పిలగాడు, ఎరుకలేక అన్నడు’ అన్నావు. ఆయన నా తల నిమిరి నవ్వారు.

నేను ఎరుక ఉండే అన్నాను, నాయనమ్మా. బాపు చనిపోయాడని తెలుసు, దేవుడంటే ఎవరో నువ్వే నేర్పావు, ఆయన అన్నీ చేయగలడని కూడా నువ్వే నేర్పావు. ఆ మూడూ కలిపి అడిగాను. దాన్ని ఎరుకలేని మాట అన్నప్పుడు, ఇక ఏది మాట్లాడినా అంతేనేమో అనుకున్నాను.

కోపంతో రాయడం లేదు. నువ్వు నిలబెట్టిన వాదంలో తప్పు కనిపించింది. చెప్పాలి కదా, చెప్పాను.

ఇప్పుడు నీ ప్రశ్నకు జవాబు. ఉంటాను. నీ మొక్కు కోసం కాదు. ఏ ఊళ్ళోనో ఏదో ఒక రోజు ఒక పిల్లవాడు శవం పక్కన లేచి నిలబడతాడు. అప్పుడు ముందర నిలబడ్డ ఫాదర్ ప్రసంగం ఆపేసి, కిందికి దిగి వచ్చి, వాడి పక్కన కూర్చోవాలి. అలాంటి ఫాదర్‌ను నేను చూడలేదు. అవుదామని ఉంది. ఎప్పుడైనా అది నావల్ల కాదనిపిస్తే ఆ రోజే బయటికి వస్తాను. ముందు నీకే చెప్తాను.

నీ మనుమడు,
అరుణ్

*

సిరిసిల్ల,
నవంబరు 17

అరుణ్ కొడుకా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివిచ్చుకున్న. ఉంటనన్న కాడ సంతోషపడ్డ. ముందటి ముచ్చట కాడ అన్నం తినలే.

నువ్వన్నదే నిజం. నీ కండ్ల ముందట నిన్ను ఎరుకలేనోన్ని చేసిన. నీకంటె ఎరుకున్నోడు ఆ పొద్దు గుడిల ఎవ్వడు లేకుండె. చెంప మీద కొట్టినదానికి మూడు మంగళవార్తలు చెప్పుకున్న. దీనికి ఎన్ని చెప్పుకున్నా సరిపోదు. గందుకే చెప్పుకుంటలేను.

గా ప్రసంగం చెప్పిన ఫాదర్ బతికే ఉన్నడు. ముసలోడై పెగడపల్లిల తమ్ముని ఇంట్ల ఉంటున్నడట. మా విచారణ గురువును అడిగి ఇంటి ఆనవాలు తెలుసుకున్న. ‘ఎనభై ఏండ్ల మనిషిని గిప్పుడు పోయి సతాయిస్తవా?’ అన్నడు. ‘నాకేమన్న పద్దెనిమిది ఏండ్లా?’ అన్న.

రేపు పొద్దుటి బస్సుకు పోతున్న. హలీమాబీ వెంబడి వస్తది. రాయనీకి గాదు, సాక్ష్యానికి. పోయి ఎదురుంగ కూసోని చెప్త: ‘ఫాదర్, పన్నెండేండ్ల కింద నేను మీతోని అబద్ధమాడిన. నా మనుమడు ఎరుక ఉండే అడిగిండు. జవాబు చెప్పుండ్రి.’

ఆయనకు జవాబు ఎరుకలేకుంటే, ‘నాకు ఎరుకలేదు’ అని గా మాటనే నోరు తెరిచి అననీ. గది గూడ జవాబే. నవ్వి తల నిమిరితే మాత్రం ఊకోను.

చెప్పేదాక లేవ.

నీ నాయనమ్మ (వేలిముద్ర)